కుంకుడు నురగ

మా పెదనాన్న బతుకంతా కారు సీట్లకు రెక్సిన్ తొడగడంతోనే గడిచింది. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక సందు, సందు చివర రేకుల షెడ్డు, దాని మీద 'కుషన్ వర్క్స్' అని రంగు వెలిసిన బోర్డు. మెకానిక్కులంతా ఒక్కొక్కరే ఆటోనగర్ చేరినా ఆయన కదల్లేదు. వచ్చేవన్నీ అంబాసిడర్లు, ఫియట్లు. పాత సీటు చింపడం, కొబ్బరిపీచు దులపడం, స్ప్రింగులు సరిచేసి కొత్త రెక్సిన్ బిగించడం. చింపే పని నాది. బడి వదలగానే పరిగెత్తేవాణ్ణి. పదేళ్ళవాడికి పెద్దవాళ్ళే పిలిచి చింపమంటే అంతకన్నా ఏం కావాలి?

అలాంటి పెదనాన్న ఒక్క కారు దగ్గర మాత్రం నన్ను కత్తెర ముట్టుకోనివ్వలేదు.

1978 సంక్రాంతి వెళ్ళిన వారం. చల్లపల్లి అవతలి నుంచి ఒక నల్ల షవర్లే ఫ్లీట్‌మాస్టర్‌ని లారీకి కట్టి లాక్కొచ్చారు. 1946-48 నాటి మోడలు. జనరల్ మోటార్స్ వాళ్ళు బొంబాయిలో కార్లు బిగించి అమ్మే రోజుల్లో ఆ ఇంటికొచ్చింది. 1977 నవంబరు 19 గాలివానకు షెడ్డు పైకప్పు లేచిపోయి, సీట్లు తడిసి, రెండు నెలలు అలాగే ఉండి బూజు పట్టాయి. ఆసామి తలెత్తకుండా నిలబడ్డాడు. "దివిసీమలో శవాలు ఎత్తుతుంటే కారు తడిసిందని ఎవరితో చెప్పను మేస్త్రీ?" అన్నాడు.

పెదనాన్న ఏమీ అనకుండా వెనక తలుపు తీశాడు. సీటు మీద చివికిన తెల్ల గలేబు. అది ఎత్తితే కింద బూడిదరంగు ఊలు బట్ట. బెజవాడ ఎండల్లో ఊలు సీటు! ఒళ్ళంతా చిరచిర. అందుకే కొన్న రోజునే గలేబులు కుట్టించి, వాటి మీద తువాలు పరుచుకుని కూర్చున్నారట. కూర్చోలేకపోబట్టే ముప్పై ఏళ్ళు చెక్కుచెదరలేదా బట్ట.

"రెక్సిన్ వేసేద్దామా?" అన్నాడు ఆసామి.

"వద్దండీ. ఇది పోతే మళ్ళీ రాదు," అన్నాడు రెక్సిన్ అమ్ముకునే మా పెదనాన్న.

ముందు మూడు రోజులు నీళ్ళ చుక్క తగలనివ్వలేదు. పొద్దుటి ఎండలో కాసేపు, తర్వాత నీడలో ఫ్యాను కింద. పూర్తిగా ఆరాక మెత్తటి బ్రష్షుతో, నూగు వాలిన వైపే దులపాలి. మట్టి తడిగా ఉండగా రుద్దితే పోగుల్లోకి దిగిపోతుందని ఆయన భయం. తల ఆనేచోట కొబ్బరినూనె మరకలు. వాటి మీద టాల్కం పౌడరు చల్లి, రాత్రంతా ఉంచి, తెల్లారి దులిపాడు. మొండివాటికి గుడ్డతో వైట్ పెట్రోలు అద్ది, బీడీ కాల్చే కుర్రాణ్ణి బయటికి తరిమాడు.

ఆ తర్వాత కుంకుడుకాయలు. "ఊలంటే గొర్రె జుట్టేగా అబ్బాయ్. మన తలకు ఏది పడితే దానికీ అదే పడుతుంది," అనేవాడు. చల్లనీళ్ళలో పిసికి గిలక్కొట్టి, పైన తేలిన నురగ మాత్రమే తీసుకునేవాడు. నీళ్ళు లోపలి పీచుకు చేరకూడదు. ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టు దాకా ఒకే ఊపున తుడవాలి. మధ్యలో ఆపితే అక్కడ గీత పడుతుంది.

నాకు ఓపిక ఎక్కడిది? చేతులు ఆన్చుకునే దిండు తొడుగు ఒకటి విడిగా ఉంటే, ఇంటికి పట్టుకెళ్ళి వేణ్ణీళ్ళలో సర్ఫు వేసి బండకేసి రుద్దాను. అంత బట్ట కాస్తా అరచేతికి సరిపోయేంత అయింది, గొంగళిలా గట్టిపడింది. ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయనీ, వేడికీ రుద్దుడుకీ అవి ఒకదాన్నొకటి పట్టుకుని మళ్ళీ విడవవనీ చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ఆరోజు మాత్రం దెబ్బలు ఖాయమనుకుని ఏడుస్తూ వెళ్ళాను. ఆయన కొట్టలేదు. సీటు అడుగున ఎవరికీ కనిపించని చోట మడిచి కుట్టిన బట్టలోంచి ముక్క కత్తిరించి, కొత్త తొడుగు కుట్టాడు. కత్తెర పడింది అక్కడొక్కచోటే. దారం నాచేత ఎక్కించాడు, అంతే.

చివరికి కలరా ఉండలు గుడ్డలో మూటకట్టి వెనక అద్దం కింద అరమీద పెట్టాడు. వాటి ఆవిరి గాలికన్నా బరువట, పైనుంచి కిందికి దిగుతుందట. చిమటలకు చెమట పట్టిన ఊలంటే మరీ ఇష్టమనీ, సీటు అంచుల చీకట్లోనే గుడ్లు పెడతాయనీ, నెలకోసారి తలుపులు తీసి దులపమనీ ఆసామికి చెప్పాడు.

బండి తీసుకెళ్ళడానికి వచ్చినరోజు ఆసామి సీటు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత పెదనాన్న కుట్టిన కొత్త తెల్ల గలేబు తనే తొడిగి, దాని మీద భుజాన ఉన్న తువాలు పరుచుకుని కూర్చున్నాడు.