అలాస్కాకు ఓడ ప్రయాణం

సముద్రం అంటే నాకు భయం. ఈ ముక్క ముందుగానే చెప్పేస్తున్నాను. లేకపోతే, వారం రోజులు ఓడలో తిరిగివచ్చి కబుర్లు చెబుతోందంటే ఈవిడ ఎంత ధైర్యవంతురాలో అని మీరు పొరబడగలరు. మాది దివిసీమలో సముద్రానికి దగ్గర పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. ముందుగా ఏ హెచ్చరికా మా ఊరికి చేరలేదు. ఊళ్లో ఉన్న ఒక్క మేడ ఎక్కగలిగినవాళ్లం బతికాం. మా అమ్మమ్మ మేడదాకా రాలేకపోయింది.

ఆ తరువాత నేను సముద్రస్నానానికి కూడా వెళ్లి ఎరుగను. మావారు విశాఖపట్నంలో ఉద్యోగం చేసిన నాలుగేళ్లూ పిల్లలను బీచికి ఆయనే తీసుకువెళ్లేవారు. నేను ఇంట్లో పకోడీలు వేస్తూ కూర్చునేదాన్ని.

అటువంటిదాన్ని పట్టుకుని, సియాటిల్‌లో ఉన్న మా అబ్బాయి ఒకనాడు ఫోనులో, "అమ్మా, ఈసారి మీరు వచ్చినప్పుడు అందరం ఓడలో అలాస్కా వెళుతున్నాం. టిక్కెట్లు కొనేశాను" అన్నాడు.

"మీరంతా వెళ్లిరండి. పిల్లను నేను ఇంట్లో చూసుకుంటాను" అన్నాను.

"పిల్ల కూడా వస్తోంది, అత్తయ్యా!" అంది కోడలు. ఇక తప్పించుకునే దారి లేకపోయింది.

మూడు గంటల కోసం ఒక వీసా

ఓడ ప్రయాణం ఓడ ఎక్కిన రోజున మొదలవుతుందనుకుంటాం గాని, నిజానికి నాలుగు నెలల ముందే మొదలవుతుంది. మా ఓడ సియాటిల్‌లో బయలుదేరి, అలాస్కాలో మూడు రేవులు చూపించి, తిరిగి సియాటిల్‌కే వస్తుంది. అంతా అమెరికాయే కదా అని నిశ్చింతగా ఉన్నాం. తీరా కార్యక్రమం చూస్తే, చివరి రాత్రి కెనడాలోని విక్టోరియా రేవులో మూడు గంటలు ఆగుతుందని ఉంది!

దీనికి కారణం 1886 నాటి ఒక అమెరికా చట్టం. ఈ పెద్ద విహార నౌకలు చాలావరకు బహమాస్, బెర్ముడా, పనామా వంటి దేశాల్లో రిజిస్టరయినవి. అటువంటి విదేశీ ఓడ అమెరికాలో జనాన్ని ఎక్కించుకుని, మధ్యలో మరో దేశపు రేవు తాకకుండా తిరిగి అక్కడే దింపటానికి వీల్లేదు. ఆ చట్టం పుణ్యమా అని, మన పాస్‌పోర్టు మీద వెళ్లేవాళ్లం ఆ మూడు గంటల కోసం కెనడా వీసా వేయించుకోవాలి. "మేము దిగం, గదిలోనే కూర్చుంటాం" అంటే చెల్లదు. తిరిగి అమెరికాలో అడుగుపెట్టాలి గనుక, అమెరికా వీసా కూడా ఒకటికంటె ఎక్కువసార్లు ప్రవేశించటానికి పనికివచ్చేదై ఉండాలి. మేము హైదరాబాదులోనే వేలిముద్రలిచ్చి ఆ పని ముగించుకున్నాం.

2024 జూన్‌లో, రేవు దగ్గర వరసలో మాకు ముందు ఒక గుజరాతీ దంపతులు నిలబడ్డారు. ముసలాయన చేతిలో పాస్‌పోర్టు ఉంది, టిక్కెట్టు ఉంది, కెనడా వీసా మాత్రం లేదు. వాళ్లను పక్కకు తీసుకువెళ్లి నెమ్మదిగానే చెప్పారు గాని, చెప్పింది మాత్రం వెనక్కి పొమ్మనే. ఆవిడ కొత్త ఉన్ని టోపీ తలమీదినుంచి తీసి సంచిలో పెట్టుకోవటం ఇప్పటికీ నా కళ్లకు కడుతుంది.

అగరువత్తులూ, ఆవకాయా

పెట్టెలు రేవులోనే కూలీలు తీసుకుంటారు. అవి మన గదికి వచ్చేసరికి చాలాసార్లు పొద్దుగూకుతుంది. ఈ సంగతి తెలియక మావారి షుగరు మాత్రలు పెద్ద పెట్టెలో సర్దాను. సాయంత్రం ఆరయినా పెట్టె రాలేదు. ఆయనేమో "నాకేం ఫరవాలేదే" అంటూ పదినిమిషాలకొకసారి తలుపు తీసి చూడటం! ఏడింటికి పెట్టె వచ్చింది గాని, ఆ గంట నాకు యుగంలా గడిచింది. మందులు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి.

ఓడలో నిప్పంటే మహా భయం. అందువల్ల ఇస్త్రీపెట్టె, కొవ్వొత్తులు, అగరువత్తులు తేనివ్వరు. ఇంట్లో వండిన పదార్థాలూ సాధారణంగా ఒప్పుకోరు. నా ఆవకాయ సీసా సియాటిల్‌లో వంటింటి అలమరలోనే ఉండిపోయింది. సంజె దీపం మాటేమిటని దిగులుపడ్డాను గాని, జూన్‌లో అలాస్కాలో రాత్రి పదింటిదాకా సూర్యుడే అస్తమించడు. ఆయనకే దణ్ణం పెట్టి ఊరుకున్నాను.

శాకాహారులమని టిక్కెట్టు కొన్నప్పుడే రాయించాలి. రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు, రేపటికి ఏం కావాలో పెద్ద వెయిటరుతో ఈవేళే చెప్పాలి. మా బల్ల దగ్గర వడ్డించే కుర్రవాడు గోవావాడు. రెండోనాటినుంచి పప్పూ అన్నమూ అడక్కుండానే తెచ్చేవాడు. తిండికి డబ్బు పుచ్చుకోరు గాని, మిగతా ఖర్చులు మనకు తెలియకుండానే లెక్కలో పడిపోతాయి. పనివాళ్ల బహుమానం మనిషికింత అని ఏ రోజుకారోజు రాసుకుంటారు. సముద్రం మధ్య సెల్‌ఫోను వాడితే బిల్లు చూసి గుండె ఆగుతుంది. విమానం గుర్తు నొక్కి ఉంచటమే మేలు. ఇక భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఓడల్లో వ్యాపించే వాంతుల జబ్బుకు చేతికి పూసుకునే మందుకంటె సబ్బూ నీళ్లే మంచి విరుగుడు.

ఏడు కూతలు

ఓడ కదలకముందే అందరికీ ఒక పాఠం చెబుతారు. గదిలోని టెలివిజనులో చూపించి, తరువాత మనకు కేటాయించిన చోటికి రమ్మంటారు. ప్రమాదం వస్తే ఓడ ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వేస్తుంది. అది వినగానే ఎక్కడికి రావాలో, తేలుడు కోటు ఎట్లా తొడుక్కోవాలో చూపిస్తారు. ఇది ఆషామాషీ తతంగం కాదు. 1912లో టైటానిక్ మునిగిన తరువాత, 1914లో దేశాలన్నీ కూర్చుని ఓడల భద్రతకు ఒక ఒప్పందం రాసుకున్నాయి. 2012లో ఇటలీ తీరాన కోస్టా కాంకార్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయినప్పుడు, ఆనాడే ఎక్కినవారికి ఇంకా ఈ పాఠం జరగనేలేదు. అందుకని 2015 నుంచి, ఓడ బయలుదేరేలోగానో, బయలుదేరిన వెంటనేనో ఇది జరిగి తీరాలన్నారు.

చుట్టూ ఉన్నవాళ్లలో కొందరు నవ్వుకుంటున్నారు, ఇంకొందరు ఫొటోలు తీసుకుంటున్నారు. ఓడ కూత వేసి వినిపించింది. నేను వేళ్లమీద లెక్కపెట్టాను. ఏడు, ఆ తరువాత పొడుగుది. ఆ రాత్రి మా ఊళ్లో ఇటువంటి కూత ఒక్కటి ముందుగా వినిపించి ఉంటే మా అమ్మమ్మ నెమ్మదిగా నడిచి అయినా మేడ చేరుకునేది. నా కళ్లు తడవటం చూసి మనమరాలు, "నాన్నమ్మా, భయమేస్తోందా?" అంది. లేదన్నాను. నిజంగానే అప్పుడు భయం వేయలేదు.

రేవులు

మొదటి రోజున్నర వాంకూవర్ దీవికి అవతలగా, బయటి సముద్రంలో ప్రయాణం. అక్కడ ఓడ కాస్త ఊగుతుంది. తూగుబల్ల మధ్యలో కూర్చున్నవాడికి ఊపు తక్కువ కదా! అట్లాగే ఓడ నడుమ, కింది అంతస్తులో ఉన్న గదికి కుదుపు తక్కువ. కోడలు ముందుచూపుతో అటువంటి గదే తీసుకుంది. అల్లం ముక్క నోట్లో పెట్టుకుని నెట్టుకొచ్చాను. తరువాత దీవుల మధ్యకు వెళ్లాక నీళ్లు చెరువులా ఉంటాయి.

కెచికాన్‌లో ఏడాదికి సుమారు 150 అంగుళాల వాన. మన కృష్ణా జిల్లా వానకు మూడింతల పైమాటే. జూనో అలాస్కాకు రాజధాని, అయినా బయటినుంచి ఆ ఊరికి రోడ్డే లేదు. ఓడైనా ఎక్కాలి, విమానమైనా ఎక్కాలి. అలాస్కా గడియారం సియాటిల్ కంటె గంట వెనక. ఓడ ఏ టైము పాటిస్తుందో రోజూ చూసుకోవాలి. సొంతంగా ఊరు తిరగబోయి ఆలస్యమైనవారి కోసం ఓడ ఆగదు. జూనోలో ఒక జంట సంచులు చంకన పెట్టుకుని మెట్లు తీసేసే సమయానికి పరుగెత్తుకొచ్చారు. పైనుంచి మేమంతా చప్పట్లు కొట్టాం.

స్కాగ్వేలో 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన చిన్నరైలు ఎక్కి కొండమీదికి వెళ్లాం. 1897-98 నాటి బంగారపు వెర్రిలో వేలాదిమంది ఆ కనుమల గుండా నడిచారట. ఏడాదికి సరిపడా తిండీ సామానూ, మనిషికి సుమారు టన్ను బరువు, వెంట లేకపోతే కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవారు కారు. "విన్నారా? నేను నాలుగు పెట్టెలు సర్దితే ఇల్లెగిరిపోయేట్టు అరిచారు!" అన్నాను మావారితో. ఆయన కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చున్నారు.

మంచు ఉరుము

ఆ మర్నాడు గ్లేషియర్ బే. రోజుకు రెండు విహార నౌకలకే అనుమతి. పార్కు ఉద్యోగులు ఓడలోకే వచ్చి విషయాలు చెబుతారు. 1794లో వాంకూవర్ దొర ఓడలు వచ్చినప్పుడు ఈ అఖాతం ఇంచుమించు అంతా మంచేనట. ఇప్పుడా మంచు 65 మైళ్లు వెనక్కి తగ్గింది. ఒళ్లంతా ఉన్నిబట్టలు చుట్టుకుని డెక్కుమీద నిలబడ్డాం. ఎదురుగా మార్జరీ హిమానీనదం, మైలు వెడల్పున నీలంగా మెరుస్తోంది. ఉన్నట్టుండి ఒక ముక్క విరిగి నీళ్లలో పడింది. పడింది ముందు కనిపించింది, చప్పుడు తరువాత వచ్చింది, అచ్చం దూరపు ఉరుములాగే.

అక్కడ హునా ట్లింగిట్ అనే జాతివారి కథ చెప్పారు. 1700లలో మంచు ముందుకు పొర్లుకొచ్చి వాళ్ల ఊళ్లను మింగేసింది. వాళ్లు పడవలెక్కి వెళ్లిపోయి వేరేచోట బతికారు. కాని ఈ చోటును మరచిపోలేదు. 2016లో ఆ అఖాతం ఒడ్డున తమ జాతి కోసం ఒక పెద్ద ఇల్లు కట్టించుకుని, పడవలు వేసుకుని తిరిగివచ్చారట. వింటూ చాలాసేపు రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాను. ఇంటిని మింగిన నీటిమీదికే మళ్లీ పడవ వేసుకుని వచ్చినవాళ్లు! నేను నలభై ఏడేళ్లుగా ఒడ్డుకు కూడా వెళ్లలేదు.

చివరి రాత్రి విక్టోరియాలో దిగాం. శాసనసభ భవనం అంచులన్నీ దీపాలతో పెళ్లిపందిరిలా ఉంది. చూస్తున్నానేగాని, ఆ గుజరాతీ ఆవిడే గుర్తుకొచ్చింది.

ఇండియాకు తిరిగివచ్చాక, 2025 మాఘపౌర్ణమికి హంసలదీవి వెళ్లాం. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట, అమ్మమ్మ పేరు చెప్పుకుని నీళ్లలోకి దిగాను. మోకాళ్లదాకా వచ్చాయి, నడుముదాకా వచ్చాయి. మావారు ఒడ్డున నిలబడి, "ఇంక చాలు, వచ్చెయ్యవే!" అని కేకవేశారు.

"ఇంకొక్క మునకండీ!" అన్నాను.