ఆయిల్ డబ్బా బిగిస్తే ఇంజిన్ బాగుపడుద్దా?

సంక్రాంతికి మా మేనల్లుడు టర్బో పెట్రోలు కారేసుకుని వచ్చాడు. బానెట్ ఎత్తి, పక్కన బిగించిన చిన్న అల్యూమినియం డబ్బా చూపించాడు. "మావయ్యా, ఇది ఆయిల్ క్యాచ్ క్యాన్. ఇదుంటే ఇంజిన్‌కి ఢోకా లేదు. మన ట్రాక్టరుకీ ఒకటి పెట్టిద్దాం" అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, కడుపూ మండింది. ఎందుకో చెప్తా, ముందు దాని సంగతి వినండి.

ఎంత కొత్త ఇంజిన్‌లోనైనా పిస్టన్ రింగులు పూర్తిగా మూయవు. మండిన గాలి కొంత రింగుల సందుల్లోంచి కింద ఆయిల్ ఉండే క్రాంక్ కేసులోకి దిగుద్ది. దీన్నే బ్లో-బై అంటారు. అది బయటికి పోకపోతే ఒత్తిడి పెరిగి సీళ్లు తన్నేస్తాయి. అందుకే బ్రీదర్. మన పాత ట్రాక్టర్లకి ఆ గొట్టం కిందకి వేలాడుతుంటుంది కదా, ఒకప్పుడు కార్లకీ అంతే. 1960ల్లో అమెరికాలో, ముందుగా కాలిఫోర్నియాలో, పొగ గొడవ పెరిగాక ఆ గాలిని తిరిగి ఇంజిన్‌తోనే పీల్పించడం మొదలెట్టారు.

అక్కడే చిక్కు. గాలితోపాటు ఆయిల్ తుంపర కూడా లోపలికి పోతుంది. పాత పెట్రోలు ఇంజిన్లలో పెట్రోలు వాల్వు వెనక పడి దాన్ని కడిగేది. ఇప్పుడొచ్చే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే కొడతారు, ఇక వాల్వుని కడిగే దిక్కులేదు. మసి గట్టిపడి పేరుకుంటుంది. టర్బో బండైతే ఇంటర్‌కూలర్ లోపల కూడా జిడ్డు. డబ్బా చేసే పనల్లా మధ్యలో ఆ తుంపరని ఆపడం. అన్నం గిన్నె మూతకి ఆవిరి తగిలి నీళ్లయినట్టు, లోపలి జాలీకి తగిలి ఆయిల్ అడుక్కి దిగుద్ది. జాలీ లేని ఉత్త డబ్బా అయితే అలంకారమే.

రేసు కార్ల సంగతి వేరు. అక్కడ ఇంజిన్ గంటల తరబడి పై ఆర్‌పీఎంలో తిరుగుద్ది, మలుపుల్లో ఆయిల్ ఎగిరి బ్రీదర్లోకి వస్తుంది. అది ట్రాక్ మీద పడితే వెనకొచ్చేవాడు జారిపోతాడు. అందుకే బ్రీదర్‌ని బయటికి వదిలే కార్లకి ఎఫ్ఐఏ రూల్సులోనే డబ్బా ఉండాలని ఉంది: 2000 సీసీ వరకు 2 లీటర్లు, పైన 3 లీటర్లు. మావాడి బండిలాంటి వాటికి మసి కొంత తగ్గుద్ది, పూర్తిగా ఆగదు. హార్స్‌పవర్ పెరుగుద్దని ఎవడన్నా చెప్తే నమ్మొద్దు. మామూలు కారుకి దండగ. పైగా ఖాళీ చెయ్యకపోతే నిండిన ఆయిలంతా మళ్లీ ఇంజిన్లోకే పోతుంది.

ఇక నా కడుపుమంట. మూడేళ్ల కింద దమ్ము రోజుల్లో నా ట్రాక్టరు బ్రీదర్ గుప్పుగుప్పున పొగ వదిలింది. ఒక మెకానిక్ గొట్టాన్ని 5 లీటర్ల క్యానులోకి దించి "ఇక ఆయిల్ పోదన్నా" అన్నాడు. నిజమే, నేల మీద చుక్క లేదు. రెండ్రోజులకోసారి క్యాను తీసి, ఆ నల్లటి ఆయిల్నే మళ్లీ ఇంజిన్లో పోసేవాణ్ణి. పొదుపు అనుకున్నా! రెండు సీజన్లు అలాగే లాగించా. చివరికి నాట్ల మధ్యలో బండి కూర్చుంది. ఇంజిన్ విప్పితే రింగులు అరిగిపోయి, లైనర్లు గీతలు. ఎయిర్ క్లీనర్ నుంచి మానిఫోల్డుకి పోయే గొట్టం క్లాంపు వదులై, దుమ్ము మొత్తం సిలిండర్లకే పోయింది. క్లాంపు 40 రూపాయలు. నాకైంది 60 వేలు, అద్దె పనులు పోయినవి కాక. ఆ క్యాను లేకపోతే నేల మీద ఆయిల్ చూసి ముందే బెదిరేవాణ్ణి.

మావాడి డబ్బా విప్పి చూశాం. మూడు నెలలకి టీగ్లాసులో పావు, మజ్జిగ కలిపినట్టు తెల్లగా. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌తో దగ్గర దగ్గర తిరిగితే నీరు కలిసి అలాగే అవుతుంది. "ఉంచుకోరా, కానీ ప్రతిసారీ ఎంత వచ్చిందో రాసుకో. పెరుగుతుంటే పెద్ద డబ్బా కొనకు, ఇంజిన్ చూపించు" అన్నా.

మీ బండిదీ ఓసారి చూడండి. ఇంజిన్ వేడెక్కాక స్లోలో ఉంచి ఆయిల్ పోసే మూత తియ్యండి. సన్నగా ఆవిరొస్తే ఫర్వాలేదు. బుస్సుబుస్సుమని కొడుతుంటే ముందు ఎయిర్ ఫిల్టరూ గొట్టాల క్లాంపులూ తడిమి చూసి, తర్వాత మెకానిక్ దగ్గరికెళ్లండి. నా ట్రాక్టరు గొట్టం ఇప్పుడు మళ్లీ కిందకే వేలాడుతోంది. రాత్రి షెడ్డులో పెట్టేటప్పుడు దాని కింద అట్టముక్క వేస్తా, పొద్దున్నే చుక్కలు లెక్కపెడతా.