బండ్లు లేని అడవి రోడ్డు ఎవరి కోసం?

పోస్టు కొంచెం పొడుగ్గానే ఉంటది, ఓపిగ్గా చదవండి.

మేం నలుగురం. ఉస్మానియా క్యాంపస్ హాస్టల్లో ఇద్దరం, తార్నాక రూములో ఇద్దరం. ఒకరిది అమ్రాబాద్ వైపు, ఒకరిది జన్నారం వైపు, మిగిలిన ఇద్దరిది మారేడుమిల్లి, చింతూరు వైపు. నలుగురికీ కలిపి రెండు సెకండ్ హ్యాండ్ సైకిళ్లు ఉన్నాయి. పొద్దున అయిదింటికి క్యాంపస్ రోడ్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి తార్నాక వైపు నుంచి ఆర్ట్స్ కాలేజీ మీదుగా ఎన్‌సీసీ గేటు దాకా వంతులేసుకుని తొక్కుతాం. ఎనిమిది దాటిందంటే ఇగ బస్సులు, ఆటోలు, ముషీరాబాద్ నుంచి అడిక్‌మెట్ మీదుగా వచ్చే బండ్లు. సైకిల్ గోడకు ఆనించాల్సిందే.

ఈ సైకిళ్ల వల్లే మా మధ్య ఒక వాదన మొదలైంది. నల్లమలలో శ్రీశైలం రోడ్డు మీద వారానికి ఒక పూట మోటారు బండ్లు ఆపేసి, సైకిళ్లను మాత్రమే పోనిస్తే ఎట్లుంటది అని. "మస్తుంటది" అన్నాడు ఒకడు. "ఎవరికిరా?" అన్నాడు అమ్రాబాద్ తమ్ముడు. జవాబు చెప్పడానికి మాకు చాలా రోజులు పట్టింది. మనవాళ్లందరూ ఆలోచించాల్సిన విషయం అనిపించి ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఆ రోడ్డు సంగతి. హైదరాబాద్ నుంచి ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి దాటితే మన్ననూర్ వస్తది. అక్కడ అటవీ చెక్‌పోస్టు. అక్కడి నుంచి దోమలపెంట దాకా 50 కిలోమీటర్లకు పైనే అమ్రాబాద్ టైగర్ రిజర్వు లోపలి నుంచి పోవాలి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూస్తారు. అంటే రోజులో తొమ్మిది గంటలు ఆ రోడ్డు మీద ఇప్పటికే ట్రాఫిక్ లేదు. ఆ తొమ్మిది గంటలు జంతువులవి. పులి, ఎలుగుబంటి, దుప్పి రోడ్డు దాటే టైం అది. ఆ టైంలో సైకిల్ కూడా పోకూడదు, అందులో మాకు రెండో మాట లేదు. మేం మాట్లాడేది పగటి పూట గురించే.

నేషనల్ పార్క్ అనే మాట కూడా చిత్రమైనదే. తెలంగాణలో మూడు నేషనల్ పార్కులున్నాయి: కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాద్‌లో, చుట్టుపక్కలే. కొండల్లో నేషనల్ పార్క్ చూడాలంటే ఆంధ్రాలో పాపికొండల లాంటి చోటికి పోవాలి. అది 2008లో నేషనల్ పార్క్ అయింది. కొండరెడ్లు అంతకు ఎన్నో తరాల ముందు నుంచే అక్కడ ఉన్నారు. నల్లమలకు పేరు వేరు, టైగర్ రిజర్వు. లోపల పెంటల్లో చెంచులు ఉన్నారు. పేరు ఏదైనా కథ అదే: మనుషులు ముందు, బోర్డు తర్వాత.

పోయిన చలికాలం మాలో ముగ్గురం పగటి పూట మన్ననూర్ నుంచి వటవర్లపల్లి దాకా తొక్కాం. గేర్లు లేని సైకిళ్లు, చుట్టాల దగ్గర అడిగి తీసుకున్నవి. ఎత్తు వచ్చిన చోటల్లా దిగి నెట్టాం. వెనక నుంచి బస్సు హారన్ కొడితే మట్టిలోకి దిగడం, కారు పోయేదాకా ఊపిరి బిగబట్టడం. కానీ ఒక బండికి ఇంకో బండికి మధ్య ఒక్కోసారి నాలుగైదు నిమిషాలు దొరికేవి. ఎండిన టేకాకు మీద ఏదో నడిచిన చప్పుడు, కొండముచ్చు అరుపు, చైన్ కిరకిర, అంతే. ఆ నాలుగైదు నిమిషాలు చాలు, బండ్లు లేని రోడ్డు ఎందుకు కావాలో ఎవరూ మాకు చెప్పక్కర్లేదు. పులి సంగతి పక్కన పెట్టండి, మనిషికే అడవి వినపడాలంటే ఇంజన్ ఆగాలి.

ఇట్లాంటిది ప్రపంచంలో ఉందా అంటే ఉంది. అమెరికాలో మోంటానా రాష్ట్రంలో గ్లేసియర్ నేషనల్ పార్క్ అని ఉంది. కొండలు దాటే సుమారు 80 కిలోమీటర్ల రోడ్డు, గోయింగ్ టు ది సన్ రోడ్ అంటారు. చలికాలం మంచుతో మూసుకుపోతుంది. వసంతంలో యంత్రాలు మంచు తీస్తుంటాయి. కార్లను వదిలేలోపు కొన్ని వారాలు, మంచు తీసిన మేరకు నడిచేవాళ్లకూ సైకిళ్లకూ దారి ఇస్తారు. చుట్టూ మంచు కొండలు, ఒక్క కారు ఉండదు. దానికోసమే ఎక్కడెక్కడి నుంచో వస్తారు.

కానీ అక్కడి ఆదివాసుల కథ కూడా చదివాం. ఆ పార్కు తూర్పు సగం బ్లాక్‌ఫీట్ తెగవాళ్లది. 1895 ఒప్పందంలో ఆ కొండలు ప్రభుత్వానికి పోయాయి. వేటాడుకోవడం, చేపలు పట్టుకోవడం, కట్టె కొట్టుకోవడం మాత్రం తమకే ఉండాలని ఆ ఒప్పందంలోనే రాయించుకున్నారు. 1910లో అది నేషనల్ పార్క్ అయింది. తర్వాత కోర్టులు ఆ హక్కులు లేవన్నాయి. కాగితం మీద రాయించుకున్నవాళ్ల గతే అట్ల అయితే, కాగితమే లేని మన పెంటల గతి ఏంది?

ఇంక మన దగ్గరికొద్దాం. ట్రాఫిక్ లేని కొండదారి చూడాలంటే అమెరికా దాకా ఎందుకు, చింతూరు, మారేడుమిల్లి వైపు మా ఊళ్లకు రండి. అక్కడ ట్రాఫిక్ లేదు, ఎందుకంటే రోడ్డే లేదు. నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీ కట్టి కొండ దించుతారు. హైదరాబాద్ సైక్లిస్టు కోరుకునే నిశ్శబ్దంలోనే మా వదిన అంబులెన్స్ చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చుంది. ఒకటే నిశ్శబ్దం, ఇద్దరికీ ఒకటి కాదు. బండ్లు లేకపోవడం ఒకరు ఎంచుకున్నది, ఇంకొకరి నెత్తిన పడ్డది.

సైకిల్ మీద టూర్ అనే మాట మనకు కొత్త కావచ్చు, కొండదారిలో ఇంజన్ లేకుండా ప్రయాణం కొత్త కాదు. ప్రతి ఏటా పుష్యమాసంలో మెస్రం వంశీయులు కేస్లాపూర్ నాగోబా కోసం గోదావరి జలం తేవడానికి జన్నారం మండలం హస్తలమడుగు దాకా నడుస్తారు, అదీ చెప్పుల్లేకుండా. దారిలో ఊళ్లు మజిలీలు ఇస్తాయి, బువ్వ పెడతాయి. రూట్ మ్యాపు, వాళ్లు ఆగే చోట్లు, వాళ్లను చూసుకునే ఊళ్లు, టూరింగ్‌కు కావాల్సినవన్నీ అందులో ఉన్నాయి. దాన్ని ఎవరూ ఎకో టూరిజం అనరు, అంతే తేడా.

ఇంకో సంగతి. ఒక అడవి చెక్‌పోస్టు దగ్గర మేమే చూశాం. హెల్మెట్లు, ఖరీదైన సైకిళ్లతో వచ్చినవాళ్లకు "గుడ్ మార్నింగ్ సార్" అన్నారు. వెనకే క్యారియర్‌కు సంచి కట్టుకుని వస్తున్న మనవాడిని ఆపి సంచి విప్పించారు. లోపల బియ్యం, సబ్బులు. రెండూ సైకిళ్లే, రెంటికీ ఇంజన్ లేదు. బండ్లు లేని రోడ్డు వస్తే గేటు దగ్గర ఎవరు సారు, ఎవరు దొంగ అనేది ముందే తేలాలి.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నామంటే, మన్ననూర్ నుంచి శ్రీశైలం వైపు అడవి మీదుగా ఎత్తులో ఎలివేటెడ్ రోడ్డు వేయాలన్న ప్రతిపాదన కొంతకాలంగా నడుస్తోంది. అది పూర్తయితే కార్లు, లారీలు పైన పోతాయి. అడవికి మంచిదే అంటున్నారు, కావచ్చు. కింద పాత రోడ్డు ఏమవుతది? ఆర్టీసీ బస్సు పైనుంచే పోతే వటవర్లపల్లిలో ఎవరు ఆపుతారు? రోడ్డు పక్కన తేనె అమ్ముకునే చెంచు అమ్మ దగ్గర ఎవరు కొంటారు? ఖాళీ అయిన రోడ్డు మీదికి రిసార్టు సైకిళ్లు వస్తే అద్దె ఎవరి చేతికి పోతది? ఇవి రోడ్డు పడ్డాక అడిగే ప్రశ్నలు కావు.

రాజస్థాన్‌లో భరత్‌పూర్ పక్షుల పార్కు, కేవలాదేవ్, మనకు రెండు పాఠాలు చెబుతుంది. అక్కడ లోపలి దారుల్లో సైకిలూ సైకిల్ రిక్షా నడుస్తాయి. రిక్షా తొక్కేవాళ్లే శిక్షణ తీసుకుని పక్షుల గైడ్లు అయ్యారు. ఇది మంచి పాఠం. చేదు పాఠం, అదే పార్కులో 1982లో పశువుల మేత ఆపేశారు. గొడవ జరిగి పోలీసు కాల్పుల్లో ఊరివాళ్లు చనిపోయారు. తర్వాత మేత లేక గడ్డి విపరీతంగా పెరిగి పక్షులకే ఇబ్బంది అయిందని పరిశోధకులు తేల్చారు. ఊరిని తీసేస్తే అడవి బాగుపడుతుందనే లెక్క అన్నిసార్లూ నిజం కాదు.

అందుకని మా నలుగురి మాట ఇది. బండ్లు లేని పూట కావాలి, దాన్ని మేం వ్యతిరేకించం. అయితే ముందు చెంచు పెంటల గ్రామసభల్లో మాట జరగాలి. పెంటలకు పోయే బస్సు, 108 అంబులెన్స్ ఏ పూటా ఆగకూడదు. సైకిల్ అద్దె, గైడ్ పని, తిండి పెట్టే పని అక్కడివాళ్లకే ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం చెంచుల వంటి ఆదిమ తెగలకు తమ ఆవాస ప్రాంతం మీద హక్కు అడిగే వీలిచ్చింది. హక్కుల గుర్తింపు పూర్తి కాకుండా, గ్రామసభ ఒప్పుకోకుండా అక్కడినుంచి కదిలించకూడదనీ చెప్పింది. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ తీసుకుని బయటికి పోయేవాళ్లు తమ ఇష్టంతో పోవాలి. సైకిల్ ట్రాక్ కోసం ఖాళీ చేయించారనే మాట రాకూడదు.

మనం చేయగలిగింది కూడా ఉంది. లా చదివే అన్నలు, అక్కలు సెలవుల్లో పెంటలకు వచ్చి ఆవాస హక్కు దరఖాస్తులు రాయడంలో సాయం చేయండి. అడవి, పక్షుల పేర్లు తెలిసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ తాతల దగ్గర ఆ పేర్లు మీ భాషలో రాసుకోండి, రేపు గైడ్ కావాలంటే అదే మీ సర్టిఫికెట్. నల్లమలలో తొక్కాలనుకుంటే పొద్దున గేటు తీశాక బయల్దేరండి, ఒంటరిగా పోవద్దు, పొద్దు వాలకముందే బయటపడండి. దిగుడులో బ్రేకు ఏకధాటిగా పట్టకండి, వేడెక్కి జారుతుంది, వదులుతూ పట్టండి. ట్యూబు, పంపు, రెండు సీసాల నీళ్లు మోసుకుపోండి. కోతులకు ఏమీ వేయకండి. తేనె కొంటే బేరమాడకండి.

మీ మీ ఏరియాల్లో ఇట్లాంటి రోడ్లుంటే, అక్కడ గేటు ఎవరి చేతిలో ఉందో కింద రాయండి. జోహార్.