గిటారు ఆంప్లిఫయరులో ఏముంది?



పాస్టరు గిటారు ఆంప్లిఫయరు గురించి వ్రాయడమేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. నేను చదివినది వేదాంత డిప్లొమా, ఎలక్ట్రానిక్సు కాదు. అయితే ఒక వస్తువు విషయములో సంఘము రెండుగా చీలుతున్నప్పుడు, ఆ వస్తువు ఏమిటో తెలిసికొనకుండా తీర్పు చెప్పడము న్యాయము కాదని నాకు తోచింది.

రేపల్లె దగ్గరనున్న మా సంఘమునకు, అమెరికాలో స్థిరపడిన ఒక కుటుంబము తమ కుమారుడు వాడిన గిటారు ఆంప్లిఫయరును పంపించింది. ఇది మన మైకు సెట్టు వంటిది కాదు. నూరు వాట్లది, లోపల గాజు ట్యూబులు, అంటే మన పెద్దలు వాల్వులు అనేవారే, వరుసగా వెలుగుతుంటాయి. దీనిని 'హై గెయిన్' రకము అంటారు. బాపట్లలో ఇంజనీరింగు చదువుతున్న మా యువకుడొకడు ప్రతి శనివారము ఇంటికి వచ్చి, ఆదివారము ఆరాధనలో గిటారు వాయిస్తాడు. అతడు దీనిని వాయించిన మొదటి ఆదివారమే ముందు చాపల మీద కూర్చున్న తల్లులు కొంగులు చెవులకు అడ్డము పెట్టుకున్నారు. పెద్దలు "అమ్మేద్దామండి" అన్నారు. యువకుడేమో "సౌండు తగ్గిస్తే ఆ టోను రాదు అయ్యగారూ. తగ్గించమంటే నేను వాయించలేను" అన్నాడు.

ఆ తల్లులు మందిరము తాటాకుల పాకగా ఉన్ననాటి నుండి వస్తున్నవారు. ఆ యువకుడు పై చదువులకు వెళ్ళి కూడా వారము వారము తిరిగి వస్తున్న ఒకే ఒక్కడు, పైగా ఇంటికి ఒక్కడే కొడుకు. ఎవరిని పోగొట్టుకొనడానికీ నా మనస్సు ఒప్పలేదు. కొద్దిరోజులు ఆగమని ఇరువురికీ చెప్పి, ఆ పెట్టెను రేపల్లె ప్యాసింజరులో తెనాలి తీసికొని వెళ్ళాము.

తెనాలిలో డెబ్బయ్యేళ్ళు దాటిన మెకానిక్ ఒకాయన ఉన్నారు. వాల్వు రేడియోల మీద పని నేర్చుకున్నవారు. విజయవాడ రేడియో కేంద్రము 1948లో మొదలైంది. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1961లో వాల్వుల తయారీ ప్రారంభించారు. ఆ తరము రేడియోలు వేడెక్కిన తరువాతనే పలికేవని మన పెద్దలకు జ్ఞాపకముండే ఉంటుంది. గిటారు కొరకు చేసిన ఇంత పెద్ద పెట్టెను ఆయన ఎన్నడూ చూడలేదు గాని, వెనుక రేకు విప్పగానే "పాత చుట్టాలే అయ్యగారూ" అన్నారు.

లోపల రెండు రకముల ట్యూబులున్నాయి. వేలెడంత చిన్నవి ఐదు. వాటి పేరు 12ఏఎక్స్7. ఒక్కొక్క గాజు బుడ్డిలో రెండేసి వాల్వులు ఇమిడి ఉంటాయి. పెద్దవి నాలుగు, 6ఎల్6 అనేవి. స్పీకరును కదిలించే బలము వీటిది.

ఇవి పనిచేసే విధము మన కృష్ణా కాలువ తూము వంటిది. ఒకవైపు వేడెక్కిన లోహము నుండి ఎలక్ట్రానులు బయలుదేరుతాయి. మరొకవైపు వందల వోల్టులున్న పళ్ళెము వాటిని లాగుతుంది. నడుమ ఒక జాలి ఉంటుంది. అదే తూము తలుపు. గిటారు నుండి వచ్చేది ఒక వోల్టులో కొద్ది భాగమే. ఆ కొద్దిపాటి కదలిక తలుపును ఆడిస్తే, అవతల పెద్ద ప్రవాహము అదే తీరున ఆడుతుంది. ఒక్కొక్క మెట్టులో అది యాభై అరవై రెట్లు పెరుగుతుంది. కాని తలుపు పూర్తిగా తెరచుకున్న తరువాత ఇక ఎక్కువ నీరు రాదు. పూర్తిగా మూసిన తరువాత ఇక తగ్గేది లేదు. అప్పుడు స్వరపు అలకు పైభాగము, క్రిందిభాగము నరికినట్లు చదునవుతాయి. ఆ గరగరనే గిటారు వాయించేవారు 'డిస్టార్షన్' అని కోరుకుంటారు. ఇటువంటి మెట్లు మూడు నాలుగు వరుసగా పెట్టినదే హై గెయిన్.

ఇక్కడనే మా తగవుకు మూలము దొరికింది. పూర్వపు ఆంప్లిఫయరులలో గరగరకు సాధారణముగా వాల్యూము నాబ్ తప్ప వేరే అదుపు ఉండేది కాదు. లండనులో జిమ్ మార్షల్ 1962లో ఫెండర్ కంపెనీ వారి బాస్‌మ్యాన్ నమూనాను చూచి చేయించినవి కూడా ఆ కోవలోనివే. వాటిలో గరగర కావాలంటే పెట్టెను పూర్తిగా పెంచవలసిందే. 1970 ప్రాంతములో కాలిఫోర్నియాలో రాండల్ స్మిత్ అదనపు మెట్టును చేర్చి, గరగరకు ఒక నాబ్, మొత్తము శబ్దమునకు మరొక నాబ్ ఏర్పరచారు. 1992లో వచ్చిన పీవీ 5150 ఆ దారినే ఇంకా ముందుకు నడిచింది. కనుక మా యువకుడు చెప్పినది పాత పెట్టెల విషయములో నిజమే, ఈ పెట్టె విషయములో చాలా మట్టుకు కాదు. 'చాలా మట్టుకు' అని ఎందుకంటున్నానంటే, పెద్ద ట్యూబులు, స్పీకరు కూడా గట్టిగా పనిచేసినప్పుడు తమ వంతు రుచిని చేర్చుతాయి. ఆ కొంచెము మాత్రము వదలుకొనవలసిందే.

ముందు పలక మీద నాబ్‌లను ఇలా గుర్తుపెట్టుకున్నాము. 'ప్రీ గెయిన్' గరగరకు. 'పోస్ట్ గెయిన్' శబ్దమునకు. 'లో, మిడ్, హై' అనేవి మంద్ర, మధ్య, తార స్వరములకు. 'రెజొనెన్స్, ప్రెజెన్స్' అనేవి పెద్ద ట్యూబుల దగ్గర మంద్రమును, మెరుపును సవరించేవి. మా యువకుడు రాక్ పద్ధతిలో మిడ్‌ను పూర్తిగా తగ్గించేవాడు. పాటల మధ్య గిటారు కలిసిపోయి వినపడక వాల్యూము పెంచేవాడు. మిడ్ సగానికి తెచ్చేసరికి పోస్ట్ గెయిన్ ఒకటి దాటనక్కరలేకపోయింది.

ఒక పెద్ద "దీన్నిచ్చి యాభై వాట్లది తీసుకుందాం" అన్నారు. వాట్లు సగమైతే తగ్గేది మూడు డెసిబెల్సే; చెవికి సగము కావాలంటే వాట్లు పదో వంతు కావాలి. అసలు కష్టము పెట్టె పెట్టిన చోటులో ఉంది. స్పీకరు నుండి తార స్వరము టార్చి వెలుగువలె సూటిగా పోతుంది. పెట్టె నేలమీద ఉంది. వాయించేవాని మోకాళ్ళకు వినిపించేది, చాప మీద కూర్చున్న తల్లుల చెవులకు నేరుగా తగిలేది. ఇప్పుడు దానిని ప్రక్కగా స్టూలు మీద ఎత్తి, వాని ముఖము వైపు వంచి పెట్టాము. తానే ముందుగా తగ్గించుకుంటున్నాడు. 85 డెసిబెల్సు రోజుకు ఎనిమిది గంటలు వినవచ్చు. నూరు డెసిబెల్సైతే పదిహేను నిమిషములే. పోయిన వినికిడి తిరిగి రాదు గనుక ఇది వానికీ మేలే.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది. వీడియోలు చూచి పెద్ద ట్యూబుల బయాసును తానే సరిచేస్తానని మా యువకుడు ఉబలాటపడ్డాడు. తెనాలి పెద్దాయన పెట్టెను స్టాండ్‌బైలో ఆపి, ప్లగ్గు పీకి, మీటరు పెట్టి చూపించారు. ప్లగ్గు చేతిలోనే ఉంది. మీటరు ఇంకా వందల వోల్టులు చూపుతున్నది! కెపాసిటర్లు దాచుకున్న విద్యుత్తు అది. ఎడమ చెయ్యి జేబులో ఉంచుకొని, రెసిస్టరు ద్వారా దానిని ఖాళీ చేసి, మరల కొలిచి, అప్పుడు ముట్టుకున్నారు. "రెండు చేతులూ లోపల పెడితే కరెంటు గుండెలోంచి పోద్ది బాబూ" అన్నారు. వాడు మారు పలుకలేదు. వచ్చే సెలవులలో ఆయన దగ్గరే కూర్చుని నేర్చుకుంటానన్నాడు.

పెట్టె వెనుక కాగితము అంటించాము. అమెరికా పెట్టె 120 వోల్టులది. మన 230 వోల్టుల గోడ ప్లగ్గులో నేరుగా పెట్టరాదు, 500 వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు ఉండాలి. స్పీకరు వైరు తగిలించకుండా స్విచ్చి వేయరాదు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోగలదు. వెనుక రేకు ఎవరూ విప్పరాదు.

అమ్మే మాట ప్రస్తుతానికి ఆగింది. ఒక తల్లి మాత్రము ఇప్పటికీ తబలాయే బాగుంటుందంటుంది. ఆమె ఇష్టము ఆమెది. మీ సంఘములో ఇట్టి పెట్టె ఉన్నట్లయితే, వచ్చే ఆదివారము ఆరాధనకు ముందు మీ యువకుని వాయించమని, మీరు ముందు చాప మీద కూర్చుని ఒకసారి వినండి.