భైరవపాలెపు మొగ

యానాము రేవున నాటుపడవ నెక్కి, పోటునీటిలో మునుగుచున్న మడవేళ్ళను ఇరుగట్లను చూచుచు, గౌతమి ఎచట ముగిసి సముద్రమెచట మొదలగునో పడవవానికే గాని పరునికి తెలియని ఆ సంగమస్థలమున, భైరవపాలెములో దిగునప్పటికి ప్రొద్దు బారెడెక్కినది. తెల్లవారుజామున వేటకు పోయిన పడవలు ఇంకను తిరిగిరాలేదు. గట్టుమీద ఒక వృద్ధురాలు ఖాళీగంప ప్రక్కన పెట్టుకొని, చేయి నొసటికి అడ్డముపెట్టి, మొగవైపు చూచుచుండెను. నది సముద్రమున కలియు ఆ ఇసుకమేటల ద్వారమును అచ్చటివారు మొగ అందురు.

నేను పోయినది 1996 నవంబరు 6వ తేదీ రాత్రిని గూర్చి, దానిని దాటివచ్చినవారి నోట వినుటకు. ఆ బుధవారము, దీపావళి ఇంక నాలుగు నాళ్ళున్నదనగా, చీకటిపడిన పిమ్మట కాకినాడకు సుమారు 50 కిలోమీటర్ల దక్షిణమున తుపాను తీరము దాటెను. వేయిమందికి పైగా మరణించిరి. మరి వందలకొలది జనులు, అందును మిక్కిలిగా వేటకు పోయిన మత్స్యకారులు, శవమైనను దొరకక ‘గల్లంతు’ అను ఒక్క మాటలో కలిసిపోయిరి. భైరవపాలెమునకును బలుసుతిప్పకును తగిలిన దెబ్బ వర్ణనకు లొంగునది కాదు. అవి రొయ్యల చెరువులు తీరమంతట విస్తరించుచున్న దినములు. రొయ్యపిల్లలకు గిరాకి హెచ్చి, వానిని పట్టుటకు ఆడువారు పిల్లలతో కూడ ఇసుకతిప్పలమీద గుడిసెలు వేసికొని యుండిరి. ఉప్పెనకు ముందుగా చిక్కినవి ఆ తిప్పలే.

ఆ తుపాను విస్తారమున చిన్నది. నడిబొడ్డు ఇరుకైన తుపాను త్వరితముగా బలపడును. మీదికి వచ్చునంతవరకు తన బలమును దాచుకొనును. ఈ సంగతి నాకు పుస్తకములవలన తెలిసినది. ఆనాడు కాకినాడనుండి మరబోటుపై రొయ్యల వేటకు పోయిన ఒక సరంగునకు అది వేరు విధముగా తెలిసినది. అతడిప్పుడు ముదుసలి. తాటాకు పందిరిక్రింద వల బాగుచేసికొనుచు, తల ఎత్తకయే నాతో మాటలాడెను.

“తూరుపున మబ్బు కదల్లేదు బాబూ. కెరటం మాత్రం ఒత్తుగా, పొడుగ్గా వస్తాంది. గాలి లేకండా కెరటం వస్తే దాని ఎనకాల ఏదో ఉందని మా అయ్య సెప్పేవోడు.”

“మరి అప్పుడే తిరిగిరాలేదేమి తాతా?”

“ఐసు సగం అలాగే ఉంది. షావుకారు డబ్బు నీళ్ళలో ఉంది. ఒక్క రోజు సూద్దారి అనుకున్నాం.”

ఈ మాటను దురాశ అని కొట్టివేయువారిని నేను పట్టణములలో చూచితిని. డీజిలు, ఐసు, బియ్యము అన్నియు అప్పుమీద ఎక్కించుకొని, వారము పదిదినములకు బయలుదేరినవాడు రిక్తహస్తములతో రేవు చేరినచో, ఆ అప్పు చెక్కుచెదరక గట్టుమీద నిలిచి వానికి స్వాగతమిచ్చును. సముద్రమును నమ్మి ఆ మనుష్యుడు నిలువలేదు. ఋణమునకు వెరచి నిలిచెను. హెచ్చరిక రాలేదా యనిన, ఓడరేవున ఎగురవేసిన ప్రమాదసూచిక ఒడ్డున నున్నవానికి కనబడును గాని, ఇరువది బారల లోతున వల దించినవానికి ఎట్లు కనబడును? వారి బోటులో పాలితీను సంచిలో చుట్టిన ట్రాన్సిస్టరు ఒకటి కలదట. సాయంకాలమునకు అందులో గరగర తప్ప మరి మాట లేదట.

గాలి హెచ్చినపుడు ఇంటిదారి పట్టుటే మేలని మనబోటివారికి తోచును. సరంగు అట్లు చేయలేదు. మొగవద్ద నీరు లోతు తక్కువ. నడిసముద్రమున పొడవుగా లేచి సాగిపోవు కెరటము అచట ఇసుకమేటకు తగిలి నిలువున విరుగును. దాని వాత పడిన బోటు బోర్లపడును. కావున బోటు ముక్కును కెరటమునకెదురుగా నిలిపి, రాత్రి గడపజూచిరి. ఇంజనులోనికి నీరు చేరి అది ఆగిన పిమ్మట బోటు అడ్డము తిరిగినది. అంతతో సరి. ఖాళీ డీజిలు పీపాకు తన్ను కట్టుకొన్న త్రాటి గుర్తు అతని మోచేతి దిగువన నేటికిని తెల్లని వంకరగీతయై యున్నది. ఆ గీతను రెండవచేతి బొటనవ్రేలితో రుద్దుచు, “ఆరుగురం ఎక్కాం, ఇద్దరం ఒడ్డుకొచ్చాం” అనెను. మడచెట్లలో తెల్లవారినదట.

ఈ తీరమునకిది క్రొత్త కాదు. యానామునకు వచ్చు దారిలోనే కోరంగి యున్నది: 1789లో ఒకమారు, 1839లో మరియొకమారు ఉప్పెన దానిని ముంచెను. కలకత్తాలోనుండి తుపానులను పరిశోధించిన హెన్రీ పిడ్డింగ్టన్, పాముచుట్టను తెలుపు గ్రీకుపదమునుండి ‘సైక్లోన్’ అను పేరు కల్పించిన వాడు, ఆ కోరంగి విపత్తును ఉదాహరించినవాడే. మన గోదావరి తీరపు దుఃఖము లోకమంతటికి పాఠమైనది. మన జాలరికి అది వేళకు అందలేదు. నేడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రస్థితిని ముందుగా తెలుపుచున్నది. ఉపగ్రహముద్వారా నడిసముద్రమునకు వార్త పంపు పరికరములును వచ్చినవి. సంతోషమే. కాని ఆ పరికరము ప్రతి చిన్నపడవకును చేరువరకు నా మనసు కుదుటపడదు. తీరమునకు పది పన్నెండు కిలోమీటర్లు దాటినచో సెల్‌ఫోను మూగవోవును గదా.

గట్టుమీది వృద్ధురాలి ప్రక్కన కూర్చుంటిని. ఆమె భర్త ఆ రాత్రి పోయినవారిలో నొకడు. ఏడేండ్లు వార్త తెలియనివానిని మృతునిగా ఎంచవచ్చునని శాసనము. ఆ ఏడేండ్లు ఎట్లు గడచినవని అడుగుటకు నాకు నోరు రాలేదు. ఆమె నొసట కుంకుమ యున్నది. నా చూపు పసిగట్టి తానే అనెను: “మడిసిని సూడకండా ఎలా తీసేది బాబూ?”

మధ్యాహ్నమునకు మొగలో పడవలు ఒక్కొక్కటిగా అగపడెను. ఆమె పెదవులు కదలుచుండెను. పది వచ్చిన తరువాత చాలసేపు ఏమియు రాలేదు. ఆమె లేవలేదు, నేనును లేవలేదు. కడపట నీలిరంగు పడవ యొకటి, ఇంజను దగ్గుచు, ఇసుకమేటను చుట్టివచ్చెను.

“పదకొండు” అని, ఆమె గంప తీసికొని నీటిలోనికి దిగెను.