శేషము

మా అక్కయ్య ఎడమ పిక్క మీద ఒక పాత మచ్చ ఉండేది. ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వేడి గంజి ఒలికి కాలినది. అరవయ్యేళ్ళకు పైగా ఊరకున్న ఆ మచ్చ నిరుడు చిట్లి పుండయినది. ఎముక విరిగితే పుత్తూరు కట్టును నమ్ముకొనే వడమాలపేట వారము. పుండుకు కూడ ఆకుపసరు చెప్పేవారికి కొదువ లేదు. నాలుగు నెలలైనా మానలేదు సరికదా, అంచులు గట్టిపడి పైకి లేచినవి. తిరుపతిలో ముక్క తీసి పరీక్షించి చర్మపు క్యాన్సరన్నారు. మన పెద్దలు రాచపుండు అన్నది ఈ జాతి జబ్బునే.

పాత కాలుడు మచ్చలో పుట్టే ఇటువంటి పుండుకు మార్జొలిన్ పుండని పేరు. ఆ ఫ్రెంచి వైద్యుడు 1828లో దీనిని వర్ణించినాడు. తెల్లవారికి చర్మపు క్యాన్సరు ఎక్కువగా ఎండవలన వస్తుంది. మనకు పాత మచ్చలనూ మానని పుండ్లనూ కూడ కనిపెట్టి ఉండవలె. కాశ్మీరులో ఒడిలో పెట్టుకొనే కాంగ్డీ కుంపటి వలన వస్తుంది. పంచె బిగించిన నడుము ఒరిపిడికి వచ్చేదానికి ధోవతి క్యాన్సరని వైద్యులే పేరు పెట్టినారు. అది విన్ననాటినుండి నా పంచె కొంచెము వదులైనది!

పుండు చుట్టూ రెండు సెంటీమీటర్ల మంచి చర్మమును కూడ కోసి, తొడ చర్మము తెచ్చి అతికినారు. "పుండు రూపాయంత, కోసింది అరచెయ్యంత" అని అక్కయ్యకు కోపము. అర్బుదమున శేషముంచితే త్వరలోనే మరల పుట్టునని సుశ్రుతుడు ఏనాడో హెచ్చరించినాడు. మొదటి దాని మీద పుట్టే మరొక దానికి అధ్యర్బుదమని పేరు కూడ పెట్టినాడు. ఆమెకు ఇదంతా చెప్పినాను. వినలేదు.

అంచులలో క్యాన్సరు లేదని పరీక్షలో తేలినది. అయినను మొదటి రెండేళ్ళు మూడు నెలలకొకసారి రమ్మన్నారు. రెండు తడవలు వచ్చినది. మూడవ తడవకు మొరాయించినది.

"పుండు మానింది గదరా, ఇంగేంటికి పోవాల?"

"వాళ్ళు చూసేది కాలును కాదక్కా, గజ్జల్లో బిళ్ళ కట్టిందేమోనని. ఈ జబ్బు పాకితే ముందు అక్కడికే వస్తుంది."

"అదే నా బాధ. ముసలిదాని గజ్జలు ఆ పిల్లోడు నొక్కేదేమి రా?"

ఏడాదిగా ఆమె బస్సు ఛార్జీలనీ, మోకాళ్ళ నొప్పులనీ చెప్పిన సాకుల వెనుక ఉన్నది ఈ మాట. లేడీ డాక్టరు చూచేటట్లు అడిగి తీసుకొనిపోయినాను. చిక్కుడుగింజంత బిళ్ళ చేతికి తగిలినది. సూది గుచ్చి తీసి పంపినారు. వారము రోజులు ఇంట్లో ఎవరికీ అన్నము సయించలేదు. క్యాన్సరు కాదని వచ్చినది.

"చూస్తివా, ఊరికే పోయొస్తిమి" అన్నది అక్కయ్య.

సంక్రాంతి దాటినాక మళ్ళీ పోవలె. అప్పుడు కూడ ఆ డాక్టరమ్మే ఉంటుందో లేదో కనుక్కోమని ఇప్పటికే రెండుసార్లు చెప్పినది.