గొడ్డుకు తోడు గోద!

నాన్నకి ఎనభై రెండేళ్లు. ఈమధ్య పేర్లు గుర్తుండటం లేదు. మనవరాలిని పట్టుకుని మా చెల్లెలి పేరుతో పిలుస్తాడు. కానీ ఆయన ముందు 'కూడూ...' అని ఆగి చూడండి. 'గుడ్డా' అని ఠక్కున అందిస్తాడు. 'కొండా' అంటే 'కోనా', 'ముక్కూ' అంటే 'మొహం'. పిల్లలకి అదో ఆట అయిపోయింది. ఓరోజు 'గొడ్డూ' అన్నారు. 'గోదా' అన్నాడు. 'గోదా అంటే ఏంటి తాతయ్యా?' అని అడిగారు. నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి నోరు తెరిచి, ఆగిపోయాడు. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. అదీ మతిమరుపేనని ఆయన బెంగ. నిజానికి ఆ ముక్క నాకూ తెలీదు.

అలా వేటపాలెం రైలెక్కాను. చీరాల దాటి కాస్త ముందుకెళితే వస్తుందీ ఊరు. ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. జీడిపప్పుకీ చేనేతకీ పేరు. వాటికన్నా ముందు నాకు గుర్తొచ్చేది సారస్వత నికేతనం. 1918లో పుట్టిన ఈ గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర కూడా ఇక్కడే ఉంది. పాత పుస్తకాలూ పాత పత్రికలూ వెతుక్కుంటూ ఎక్కడెక్కడివాళ్లో వస్తుంటారు. జంటపదం కోసం వచ్చింది మాత్రం ఆరోజు నేనొక్కణ్నే అనుకుంటా!

పాత పుస్తకంతో తొందర పనికిరాదు. పేజీ తిప్పితే అంచు పొడిలా రాలుతుంది. నిఘంటువుకన్నా ముందు చేతికి అందింది ఛందస్సు పుస్తకం. స్కూల్లో గణాలకి భయపడి పారిపోయినవాణ్ని, ఇక్కడ కూర్చుండిపోయాను. సంస్కృతంలో యతి అంటే పద్యంలో ఆగేచోటు. మనవాళ్లకి అది చాల్లేదు. అక్కడ మొదటి అక్షరానికి జత కుదరాలన్నారు. ఉత్పలమాలలో అయితే ఒకటో అక్షరానికి పదో అక్షరం. అచ్చంగా అదే అక్షరం అక్కర్లేదు. క, ఖ, గ, ఘ చుట్టాలు. ఉ, ఊ, ఒ, ఓ ఇంకో కుటుంబం. 1656 నాటి అప్పకవి ఈ చుట్టరికాలన్నీ విడమరిచి చెప్పినవాడే.

చదువుతుంటే నాన్న గొంతు వినిపించింది. కూడూ గుడ్డా... కూ, గు. కలో గంజో... క, గ. ముక్కూ మొహం, పిల్లా పెద్దా, చెట్టూ చేమా... అన్నిటికీ యతి కుదురుతోంది! బడికి నాలుగేళ్లే వెళ్లిన మనిషి నోట పండితుల నియమం. లేక ఈ నోళ్లనుంచే పండితులు నేర్చుకున్నారో! అన్నీ ఇలాగే ఉంటాయనీ కాదు. 'తోడూ నీడా'కి యతి లేదు, రెండో అక్షరం 'డ' కలిసింది, అంటే ప్రాస. 'ఇల్లూ వాకిలీ'కి ఏదీ లేదు పాపం.

మధ్యాహ్నానికి పాత నిఘంటువులో దొరికింది... గోద అంటే ఎద్దు! చేమ అంటే మనం వేపుడు చేసుకునే చేమదుంప మొక్క. అవి ఉత్త ఊతపదాలు కావన్నమాట. విడిగా అనడం మానేశాం. జతగా ఉన్నాయి కాబట్టి మిగిలాయి. బహుశా నాన్నకీ అంతే.

అరకిలో జీడిపప్పు కొనుక్కుని రాత్రికి ఇల్లు చేరాను. నాన్న మేలుకునే ఉన్నాడు.

'నువ్వు మర్చిపోలేదు నాన్నా. ఆ మాట మనూళ్లో ఎవరికీ తెలీదు. గోద అంటే ఎద్దంట' అన్నాను.

'ఎద్దా!' అని కాసేపు పైకప్పుకేసి చూశాడు. మా పాత జతలో ఎడమ పక్క కట్టే ఎద్దు కొమ్ము ఎలా వంగేదో చేత్తో గాల్లో గీసి చూపించాడు. పిల్లల పేర్లు తప్పినా ఆ కొమ్ము వంపు తప్పలేదు. రెండు జీడిపప్పులు నోట్లో వేసుకుని, దుప్పటి లాక్కుంటూ అడిగాడు.

'ఒరేయ్, మరి నగా నట్రా అంటాం గదా... నట్ర అంటే ఏంట్రా?'